బైపోలార్ డిజార్డర్ ఉన్నవారు నిద్రను గాడిలో పెట్టుకోవడం ఎలా

బైపోలార్ డిజార్డర్ అంటే ఉత్సాహం హద్దు మీరే మేనియా దశలు, దిగులు కమ్మే డిప్రెషన్ దశలు వచ్చిపోయే మానసిక జబ్బు. అది ఉన్నవారికి నిద్ర గురించి చెప్పే సలహాలు ఎక్కువగా అందరికీ చెప్పేవే అయి ఉంటాయి: పెందలాడే పడుకోండి, ఫోను పక్కన పెట్టండి, గోరువెచ్చని పాలు తాగండి. వీటిలో తప్పేమీ లేదు గాని, ఈ జబ్బులో నిద్రకున్న స్థానం వేరు. మామూలు మనిషికి ఒకటి రెండు రాత్రులు నిద్ర చెడితే తలనొప్పి, చిరాకు మిగులుతాయి. బైపోలార్ ఉన్నవారిలో కొందరికి ఆ రెండు రాత్రులే మేనియాకు తలుపు తీయవచ్చు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసిన థామస్ వెర్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ సంగతినే వాదించారు. ప్రయాణం, పురుడు, ఇంట్లో మరణం, కొన్ని రకాల మందులు, ఇలా మేనియాకు దారితీసే కారణాలు పైకి ఎన్ని రకాలుగా కనిపించినా, వాటిలో చాలావాటి వెనక నిద్ర తగ్గడం అనే ఒకే అంశం పనిచేస్తుండవచ్చునని వారి అభిప్రాయం. మేనియా మొదలయ్యాక నిద్ర ఇంకా తగ్గుతుంది, ఆ తగ్గుదల మేనియాను ఇంకా పెంచుతుంది. దీన్ని మొదటి రెండు మూడు రోజుల్లో పట్టుకుంటే ఒక ఫోన్‌కాల్‌తో, మందులో ఒక చిన్న మార్పుతో సరిపోవచ్చు. పక్షం రోజులు గడిస్తే ఆసుపత్రిలో చేరవలసి రావచ్చు.

ముందుగా మీ నిద్ర ఏ రకంగా చెడుతోందో గుర్తుపట్టాలి, ఎందుకంటే అన్నిటికీ ఒకే ఉపాయం పనికిరాదు. నిద్ర కావాలని ఉండి కూడా పట్టక, పక్క మీద దొర్లుతూ, మర్నాడంతా ఒళ్లు తూలిపోతూ ఉంటే అది నిద్రలేమి. రాత్రి మూడు గంటలే పడుకున్నా అలసట అన్నమాటే లేకుండా లేచి, తెల్లవారకముందే ఇల్లంతా సర్దేయడం, అర్ధరాత్రి కొత్త వ్యాపారానికి లెక్కలు వేయడం, ఎన్నో ఏళ్లుగా పలకరించని స్నేహితులకు వరుసగా సందేశాలు పంపడం కనిపిస్తే అది నిద్రలేమి కాదు. శరీరానికి నిద్ర అవసరమే తగ్గిపోయినట్టు అనిపించే స్థితి. మేనియాను, దానికన్నా తక్కువ తీవ్రత గల హైపోమేనియాను నిర్ధారించడానికి వైద్యులు చూసే ముఖ్య లక్షణాలలో ఇది ఒకటి. మూడోది డిప్రెషన్‌లో వచ్చే అతినిద్ర: పది పన్నెండు గంటలు పడుకున్నా లేవబుద్ధి కాకపోవడం.

మొదటి రకాన్ని చాలావరకు అలవాట్లతో సరిచేయవచ్చు. రెండో రకాన్ని అలవాట్లతో సరిచేయాలని చూస్తే విలువైన రోజులు పోతాయి. అది వైద్యునికి కబురు చేయవలసిన సందర్భం. మన ఇళ్లలో తక్కువ నిద్రపోయి ఎక్కువ పనిచేసేవారిని మెచ్చుకోవడం పరిపాటి. నాలుగింటికే లేచి చదువుతున్నాడని, రాత్రి పన్నెండు దాటినా పని వదలడం లేదని పొగుడుతూ ఉండగానే, గుర్తించవలసిన మొదటి వారం గడిచిపోతుంది. ఈ జబ్బు తరచుగా బయటపడేది ఇంటర్మీడియట్, ఇంజినీరింగ్ చదివే వయసులోనే కాబట్టి తల్లిదండ్రులు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

లేచే వేళతో మొదలుపెట్టండి

నిద్ర ఎప్పుడు పడుతుందనేది మన అధీనంలో లేదు. ఎప్పుడు లేవాలనేది చాలావరకు మన అధీనంలోనే ఉంది. అందుకే పని అక్కడ మొదలుపెట్టాలి. సోమవారం నాడే కాక ఆదివారం నాడు కూడా పాటించగల ఒక వేళను ఎంచుకోండి. బ్రహ్మముహూర్తంలో లేవాలన్న ఆదర్శం మంచిదే కావచ్చు గాని, వారానికి నాలుగు రోజులు నాలుగున్నరకు, మూడు రోజులు ఎనిమిదికి లేచే మనిషికన్నా, ఏడు రోజులూ ఆరున్నరకు లేచే మనిషి మూడ్ నిలకడగా ఉండే అవకాశం ఎక్కువ. రాత్రి సరిగా నిద్ర పట్టకపోయినా ఉదయం ఆ వేళను గంటకు మించి జరపకండి. లేచే వేళ నిలబడిన కొన్ని వారాలకు నిద్ర పట్టే వేళ కూడా మెల్లగా దానికి సర్దుకుంటుంది.

దీని వెనక ఉన్న ఆలోచనను పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలెన్ ఫ్రాంక్ ఒక చికిత్సా పద్ధతిగానే తీర్చిదిద్దారు. శరీరంలోని గడియారం సూర్యుణ్ణి చూసి మాత్రమే నడవదు, మన దినచర్యను చూసి కూడా నడుస్తుంది. బైపోలార్ ఉన్నవారిలో ఆ గడియారం సులభంగా తడబడుతుంది కాబట్టి దినచర్యను ఆసరాగా వాడుకోవాలన్నది ఆమె సూత్రం. జబ్బు తీవ్రంగా ఉన్న దశలోనే ఈ చికిత్స మొదలుపెట్టినవారిలో, ఆ తర్వాతి కాలంలో జబ్బు తిరగబెట్టడానికి ఎక్కువ సమయం పట్టిందని ఆమె బృందం 2005లో వెల్లడించింది. ఈ పద్ధతిలో రోజుకు ఐదు వేళలను రాసుకుంటారు: పక్క మీద నుంచి లేచిన వేళ, మరో మనిషితో మొదటిసారి మాట్లాడిన వేళ, ఉద్యోగం గాని చదువు గాని ఇంటిపని గాని మొదలుపెట్టిన వేళ, రాత్రి భోజనం చేసిన వేళ, పడుకున్న వేళ. చూడడానికి చాలా మామూలు సంగతులు. కాని నెల రోజుల పట్టిక ముందు పెట్టుకుంటే, ఏ వారంలో భోజనం రాత్రి పదకొండుకు జరిగిందో, ఆ తర్వాత రెండు రోజులకు నిద్ర ఎలా జారిందో మీకే కనిపిస్తుంది.

ఒక గీతల నోటుపుస్తకం చాలు. పై ఐదు వేళలతో పాటు సుమారుగా ఎన్ని గంటలు నిద్రపోయారు, మందులు వేసుకున్నారా, ఆ రోజు మనసు ఎలా ఉంది అన్నవి రాయండి. మనసు స్థితికి ఒక అంకె పెట్టుకుంటే తేలిక: మామూలుగా ఉంటే సున్నా, దిగాలుగా ఉంటే మైనస్ వైపు, ఉత్సాహం హద్దు మీరుతుంటే ప్లస్ వైపు. ఇదంతా ఉదయం కాఫీ తాగుతూ రాయాలి. రాత్రి పడుకుని గడియారం చూస్తూ రాయకూడదు. చేతి గడియారాలు చూపే నిద్ర లెక్కలను పెద్దగా పట్టించుకోనక్కర లేదు. అవి మెలకువగా కదలకుండా పడుకోవడాన్ని కూడా నిద్రగా లెక్కగట్టగలవు, ఆ అంకెల గురించిన బెంగే కొందరికి నిద్ర పట్టనివ్వదు.

ఇప్పటికే రాత్రి రెండింటికి పడుకుని పగలు పదింటికి లేచే అలవాటు ఉంటే ఒక్కసారిగా మార్చకండి. రెండు మూడు రోజులకు ఒకసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. ఒక రాత్రంతా మేలుకుంటే మర్నాడు పెందలాడే నిద్ర ముంచుకొస్తుందనే చిట్కా చాలామంది చెబుతారు. బైపోలార్ ఉన్నవారు దాని జోలికి వెళ్లకూడదు. నిద్ర లేకుండా ఉంచడం డిప్రెషన్‌ను కొద్దికాలం తగ్గించగలదని, అదే పని కొందరిని మేనియాలోకి నెట్టగలదని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. దానిని చికిత్సగా వాడేచోట కూడా వైద్యుల పర్యవేక్షణలో, మూడ్‌ను స్థిరపరిచే మందుల అండతోనే వాడతారు.

చీకటిని కూడా మందులా చూడండి

కంటిలో చూపుతో నేరుగా సంబంధం లేని కొన్ని కణాలు వెలుతురు సమాచారాన్ని మెదడులోని గడియారానికి చేరవేస్తాయి. నీలి రంగు వెలుతురుకు అవి ఎక్కువగా స్పందిస్తాయి. తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులైట్లలో, ఫోను తెరలో ఆ వెలుతురు బాగానే ఉంటుంది. నార్వేలో 2016లో ప్రచురితమైన ఒక పరీక్షలో, మేనియాతో ఆసుపత్రిలో చేరినవారికి మామూలు మందులతో పాటు, సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఎనిమిది దాకా మెలకువగా ఉన్నంతసేపూ నీలి వెలుతురును అడ్డుకునే నారింజ రంగు కళ్లద్దాలు వారం రోజులు పెట్టించారు. మామూలు అద్దాలు పెట్టుకున్నవారికన్నా వీరిలో మేనియా స్పష్టంగా తగ్గింది. అది చిన్న పరీక్షే, పైగా మందులకు తోడుగా జరిగింది; కళ్లద్దాలు మందులకు ప్రత్యామ్నాయం కావు. కాని సాయంత్రపు చీకటి వట్టి సౌకర్యం కాదని, అది ఈ జబ్బు మీద నేరుగా పనిచేయగలదని ఆ ఫలితం సూచిస్తుంది.

ఇంట్లో దీన్ని అమలు చేయడానికి ఖర్చేమీ అక్కర లేదు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ట్యూబులైటు ఆర్పి, పసుపు వెలుతురునిచ్చే చిన్న బల్బు వేసుకోండి. ఒకటే గది ఉన్న ఇంట్లో టీవీ తొమ్మిదిన్నర సీరియల్ దాకా నడుస్తుంటే, కనీసం పడుకునేవారి మంచం తెరకు వ్యతిరేక దిశలో ఉండేలా చూసుకోవాలి. కళ్లకు మెత్తటి నల్లగుడ్డ కట్టుకున్నా ఫరవాలేదు. వేసవిలో డాబా మీద పడుకునే అలవాటున్నవారికి అయిదింటికే పడే వెలుతురు నిద్రను గంటన్నర కోసేస్తుంది. ఉక్కపోతకు భయపడి డాబా మీదకు వెళ్లక తప్పని రోజుల్లో ఆ కళ్లగుడ్డను, దోమతెరను మరచిపోకండి.

ఉదయపు వెలుతురు గురించి ఒక జాగ్రత్త. లేవగానే ఆరుబయట ఒక అరగంట నడవడం అందరికీ మంచిదే. కాని డిప్రెషన్‌కు చికిత్సగా అమ్మే ప్రకాశవంతమైన దీపాల పెట్టెలను మీ అంతట మీరు కొని వాడకండి. వాటిని ఉదయం పూట వాడిన కొందరు బైపోలార్ రోగులలో ఉద్రేకం, దిగులు కలగలిసిన స్థితి వచ్చింది. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మూడ్ మందులు వాడుతున్నవారికి ఆ దీపాన్ని మధ్యాహ్నం వేళ ఇచ్చినప్పుడు డిప్రెషన్ బాగా తగ్గింది. వేళ, మోతాదు రెండూ వైద్యుడు నిర్ణయించవలసినవే.

నిద్ర పట్టని రాత్రి ఏం చేయాలి

సాయంత్రం వేళ మనసును ఎగదోసే పనులను గుర్తించి వాటికి ఒక హద్దు గీయండి. ఇది కెఫీన్‌కన్నా ముఖ్యమని నా అభిప్రాయం. డబ్బు గురించిన వాదనలు, షేర్ మార్కెట్ లెక్కలు, రాజకీయ చర్చలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, కొత్త ప్రణాళికలు, ఇవన్నీ రాత్రి ఎనిమిది తర్వాత మానుకోవాలి. అద్భుతమైన ఆలోచన వచ్చినట్టు అనిపిస్తే రేపటి కోసం ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. ఆ ఆలోచన నిజంగా మంచిదైతే రెండు రోజుల తర్వాత కూడా మంచిదిగానే ఉంటుంది.

నిద్రలేమికి మాత్రలు లేకుండా చేసే చికిత్సలో, మంచం మీద గడిపే సమయాన్ని బాగా కుదించడం ఒక ప్రధాన భాగం. ఐదు గంటలే నిద్ర పడుతుంటే ఐదు గంటలే మంచం మీద ఉండమంటారు. మామూలు నిద్రలేమికి ఇది బాగా పనిచేస్తుంది, ఫోన్ యాప్‌లలో కూడా దొరుకుతుంది. బైపోలార్ ఉన్నవారు దీన్ని యథాతథంగా పాటించకూడదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలిసన్ హార్వీ బృందం ఈ చికిత్సను బైపోలార్ రోగుల కోసం మార్చినప్పుడు, మంచం మీద ఉండే సమయాన్ని ఆరున్నర గంటలకన్నా తగ్గనివ్వకుండా జాగ్రత్తపడ్డారు. మీరు కూడా ఆ గీత దాటకండి.

పడుకుని చాలాసేపయినా నిద్ర పట్టకపోతే లేచి మరో చోట కూర్చోమనే సలహా కూడా ఇక్కడ కొద్ది మార్పుతో పాటించాలి. లేవడం అంటే పని మొదలుపెట్టడం కాదు. సన్నటి వెలుతురులో, ఇదివరకే చదివిన పుస్తకాన్ని తిరగేయడం, మెల్లగా జపం చేసుకోవడం వంటి ఉత్సాహం పుట్టించని పనే ఎంచుకోవాలి. వంటింటి అలమరా సర్దడం మొదలుపెట్టారంటే తెల్లవారినట్టే. లేస్తే తప్పకుండా ఏదో ఒక పనిలో పడతామని తెలిసినవారు చీకట్లో కళ్లు మూసుకుని పడుకోవడమే మేలు. నిద్ర రాకపోయినా ఆ చీకటి, ఆ విశ్రాంతి వృథా పోవు.

పగటి కునుకు అరగంటకు మించకూడదు, మధ్యాహ్నం మూడు దాటాక పనికిరాదు. కాఫీ, టీలు మధ్యాహ్న భోజనంతో ఆపేయడం మంచిది. మద్యం నిద్ర పట్టిస్తుంది గాని అర్ధరాత్రి దాటాక లేపేస్తుంది, పైగా ఈ మందులతో కలిస్తే ప్రమాదం. వ్యాయామం ఉదయం చేయండి.

మందులు, వాటి వేళలు

మందులు మానేసి అలవాట్లతోనే నెట్టుకురాగలమని అనుకోవద్దు. పైన చెప్పిన పరీక్షలలో చాలావరకు మందులకు తోడుగా జరిగినవే. అయితే మందు ఏది, ఎంత అన్నదానితో పాటు ఏ వేళకు అన్నది కూడా నిద్రను తేల్చేస్తుంది, ఈ మూడో సంగతి గురించి డాక్టరును అడిగేవారు తక్కువ. క్వెటియాపిన్, ఒలాంజపిన్ వంటివి మగత కలిగిస్తాయి. రాత్రి పదకొండున్నరకు వేసుకుంటే ఆ మగత ఉదయం ఆఫీసు దాకా వెంటాడుతుంది. ఇంకా ముందు వేసుకోవచ్చునేమో అడగండి. లామోట్రిజిన్ కొందరికి నిద్ర పట్టనివ్వదు. అలాంటివారికి వైద్యుడు ఉదయం వేసుకోమనవచ్చు. అరిపిప్రజోల్ వేసుకున్న కొందరికి కాళ్లు ఒకచోట నిలవవు, కూర్చోలేరు, పడుకోలేరు. దాన్ని జబ్బు పెరిగిందని పొరబడే అవకాశం ఉంది కనుక, ఆ మందు మొదలుపెట్టాక అలా ఉంటే వెంటనే చెప్పాలి.

లిథియం గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మేనియాకు దీని ఉపయోగాన్ని వెల్లడించినప్పటి నుంచి నేటికీ ఇది మంచి మందుల్లో ఒకటి. దాహాన్ని, మూత్రాన్ని పెంచుతుంది కాబట్టి రాత్రి రెండు మూడుసార్లు లేవవలసి రావచ్చు. అలాగని నీళ్లు తగ్గించకూడదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషంగా మారుతుంది. నీళ్లు పగటిపూట ఎక్కువగా తాగి, పడుకునే ముందు దాహం తీరేంత మాత్రమే తాగండి; ఇబ్బంది తగ్గకపోతే వైద్యునికి చెప్పండి. ఏప్రిల్, మే నెలల ఎండల్లో, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఉన్నట్టుండి ఉప్పు మానేసినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి తీసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా లిథియం స్థాయిని పెంచుతాయి. చాలామందికి తెలియని మరో సంగతి: కెఫీన్ లిథియంను మూత్రంలో బయటకు పంపుతుంది కనుక, రోజుకు ఐదారు కాఫీలు తాగేవారు నిద్ర కోసమని ఒక్కసారిగా మానేస్తే లిథియం స్థాయి పెరగవచ్చు. కాఫీ తగ్గించండి, కాని రెండు మూడు వారాల్లో మెల్లగా, వైద్యునికి చెప్పి తగ్గించండి. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపరీక్షను రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు చేయించుకోవాలి. మాత్ర వేళ రోజుకో తీరుగా ఉంటే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి నిద్రమాత్రలను పక్కింటివారి చీటీ చూపించి తెచ్చుకోవడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. మేనియా మొదలవుతున్న కొద్ది రోజులకు వైద్యులే వీటిని ఇవ్వవచ్చు. నెలల తరబడి వాడితే అలవాటు పడిపోతారు, అప్పుడు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు కూడా రావచ్చు. మూడ్‌ను స్థిరపరిచే మందు తోడు లేకుండా డిప్రెషన్ మందులను వాడడం, ఆస్తమాకు గాని కీళ్లకు గాని ఇచ్చే స్టెరాయిడ్లు, ముక్కు దిబ్బడకు ఇచ్చే కొన్ని మాత్రలు నిద్రను చెడగొట్టి మేనియాను రేపగలవు. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా బైపోలార్ ఉందన్న మాట, వాడుతున్న మందుల పేర్లు చెప్పి తీరాలి, దంతవైద్యుడైనా సరే.

మందుల వల్ల బరువు పెరిగి, పెద్దగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నట్టు పక్కనున్నవారు చెబితే నిద్రలో శ్వాస ఆగిపోయే సమస్య ఉందేమో పరీక్ష చేయించుకోండి. అది ఉన్నవారికి ఎన్ని గంటలు పడుకున్నా అలసట తీరదు, నిద్రమాత్రలు దాన్ని ఇంకా చెడగొడతాయి.

డిప్రెషన్ దశలో అతినిద్ర ఉన్నవారికి పెద్ద లక్ష్యాలు పెట్టడం అనవసరం. మంచం దిగే వేళ ఒక్కటి నిలబెట్టుకుంటే చాలు. ఆ వేళకు ఎవరో ఒకరు ఫోన్ చేయడమో, గదిలోకి వచ్చి కిటికీ తలుపు తీయడమో చేస్తే సగం పని అవుతుంది. స్నానం, నడక తర్వాతి సంగతి.

ఇంట్లోవారితో ముందే ఒక ఒప్పందం

మేనియా మొదలవుతున్నప్పుడు అది మేనియా అని ఆ మనిషికి అనిపించదు. ఇన్నాళ్లకు కోలుకున్నాననే అనిపిస్తుంది. కాబట్టి గుర్తించే బాధ్యతలో కొంత ఇంట్లోవారికి ముందే, మనసు కుదురుగా ఉన్న రోజుల్లో, అప్పగించాలి. ఏం కనిపిస్తే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. ఉదాహరణకు, వరుసగా రెండు రాత్రులు ఐదు గంటలకన్నా తక్కువ నిద్రపోయి, అయినా అలసట లేకపోతే వైద్యునికి ఫోన్ చేయడం. అదనంగా ఒక మాత్ర వేసుకోమని వైద్యుడు ముందే రాసి ఇచ్చి ఉంటే అది వేసుకోవడం. బండి తాళాలు, ఏటీఎం కార్డు కొద్ది రోజులు ఇంట్లోవారి దగ్గర ఉంచడం. ఆ సాయంత్రం నుంచే దీపాలు తగ్గించి, అతిథులను, కార్యక్రమాలను మాన్పించడం. అంకెలు మీ పాత అనుభవాన్ని బట్టి మారవచ్చు, అందుకే వాటిని వైద్యునితో కూర్చుని నిర్ణయించుకోవాలి.

మాట్లాడే తీరు కూడా ముందే అనుకోవాలి. "మళ్లీ మొదలైందా నీకు?" అన్న మాట గొడవకే దారి తీస్తుంది. "ఏవండీ, సోమవారం నుంచి మీరు నాలుగు గంటలే పడుకుంటున్నారు, మనం అనుకున్న కాగితం ఒకసారి చూద్దామా?" అంటే అది నింద కాదు, ఇద్దరూ ఒప్పుకున్న మాటను గుర్తుచేయడం. ఇంట్లోవారు ప్రతి నవ్వునూ, ప్రతి కొత్త చీరనూ మేనియాగా అనుమానించకూడదు. ఆ అనుమానంతో బతకడం కూడా నిద్ర చెడగొట్టేదే. జబ్బు తీవ్రమైతే తనకు ఎలాంటి చికిత్స కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగానే రాతపూర్వకంగా తెలిపే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వయోజనులందరికీ ఇచ్చింది.

సలహా కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ వైద్యం కావలసినవారికి హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, అసలే నిద్ర లేకుండా భ్రమలు, విపరీతమైన అనుమానాలు మొదలైనా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.

మేలుకోక తప్పదనిపించే సందర్భాలు

తెలుగువారి ఇళ్లలో నిద్రకు గండి కొట్టేవాటిలో పెళ్లి ముహూర్తం ముందుంటుంది. రాత్రి రెండున్నర ముహూర్తానికి వెళ్లడం తప్పకపోతే మధ్యాహ్నం పడుకుని, రాత్రి మాత్రను వైద్యుణ్ణి అడిగి తెలుసుకున్న వేళకు వేసుకుని, అక్షింతలు వేసి వచ్చేయండి. మర్నాటి రాత్రి ఎట్టి పరిస్థితుల్లోనూ వేళకు పడుకోవాలి. పెళ్లి మీదే అయితే, లేదా మీ ఇంట్లోనే అయితే, పగటి ముహూర్తం పెట్టించమని అడగడానికి మొహమాటపడకండి. శివరాత్రి జాగరణ మాత్రం వద్దు. పగలు అభిషేకం చేయించుకుని రాత్రి వేళకు పడుకున్నవారికి పుణ్యం తగ్గుతుందని నేను అనుకోను. లిథియం వాడేవారికి నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ప్రమాదం. రంజాన్ నెలలో ఉపవాసం ఉండదలచినవారు ముందుగానే వైద్యునితో మాట్లాడి, మందుల వేళల గురించి తేల్చుకోవాలి. అయ్యప్ప దీక్షలో వేకువనే లేవాలి కనుక ఆ నలభై ఒక్క రోజులూ పడుకునే వేళను అంతే ముందుకు తెచ్చుకుంటేనే దీక్ష తీసుకోండి.

హైదరాబాదులో అమెరికా వేళల ప్రకారం నడిచే ఉద్యోగాలు వేరే సమస్య. శాశ్వతంగా ఒకే రాత్రి షిఫ్టు ఉండడం, వారానికోసారి మారే షిఫ్టులకన్నా నయం. పగటి షిఫ్టు అన్నిటికన్నా మేలు. షిఫ్టు మార్పు కోసం సైకియాట్రిస్టు చేత ఉత్తరం రాయించుకోండి. జబ్బు పేరు వెల్లడించడం ఇష్టం లేకపోతే, ఆరోగ్య కారణాల వల్ల రాత్రి పని తగదని మాత్రమే రాయమనవచ్చు. పరీక్షల ముందు విద్యార్థులు చేసే నైటౌట్‌లకు కూడా ఇదే మాట: పోయిన మార్కులను సప్లిమెంటరీలో తెచ్చుకోవచ్చు.

కాన్పు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన సమయం. బైపోలార్ ఉన్న స్త్రీలకు ప్రసవం తర్వాతి మొదటి కొన్ని వారాల్లో జబ్బు తీవ్రంగా తిరగబెట్టే ప్రమాదం ఉంది, రాత్రి పాలకు పదేపదే లేవడం దాన్ని పెంచుతుంది. పుట్టింట్లో బాలింతకు అమ్మ తోడు ఉంటుంది కాబట్టి ఆ ఏర్పాటునే వాడుకోవాలి: రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా బిడ్డ బాధ్యత అమ్మమ్మదో, తండ్రిదో; తల్లి మరో గదిలో ఆ ఐదు గంటలూ ఆగకుండా పడుకోవాలి. పిండి ఉంచిన పాలా, డబ్బా పాలా, ఏ మందు వాడుతూ పాలివ్వవచ్చు అన్నవి ఐదో నెలలోనే కాన్పుల డాక్టరు, మానసిక వైద్యుడు కలిసి నిర్ణయించవలసినవి. గర్భం అని తెలియగానే భయపడి మందులన్నీ ఆపేయడం పెద్ద పొరపాటు. వాల్‌ప్రొయేట్ వాడుతున్నవారు మాత్రం గర్భం అనుకోకముందే వైద్యుణ్ణి కలిసి మందు మార్పించుకోవాలి.

విమాన ప్రయాణానికి వస్తే, హైదరాబాదుకు, డాలస్‌కు మధ్య వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా ఉంటుంది. అంటే పగలు రాత్రిగా తారుమారవుతుంది. ప్రయాణానికి నెల ముందే వైద్యుణ్ణి కలిసి, మాత్రలు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. సామాను సర్దడం చివరి రాత్రికి వదలకండి, ఎందుకంటే చాలామందికి మొదటి నిద్ర పోయేది అక్కడే. దిగాక మొదటి మూడు రోజులు బంధువుల ఇళ్లకు, షాపింగుకు వెళ్లకుండా, అక్కడి రాత్రి వేళకు చీకటి గదిలో పడుకుని, అక్కడి పగటి వేళకు ఆరుబయట నడవాలి. మందులను, డాక్టరు చీటీని విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ప్రయాణానికి కావలసినదానికన్నా రెండు వారాలకు సరిపడా ఎక్కువ తీసుకువెళ్లాలి. అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకు ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం వచ్చినప్పుడు చేయవలసిన అక్కడి సహాయ నంబరు 988 అని చెప్పి, ఆ నంబరును వారి ఫోనులో మీ ముందే సేవ్ చేయించండి.